లైనక్స్–విండోస్ షేర్డ్ ఫోల్డర్‌లో ‘యాక్సెస్ డినైడ్’ వస్తే ఎక్కడి నుంచి వెతకాలి

మాఘమాసం ముహూర్తాల రద్దీలో గుంటూరు నుంచి మా బావగారు ఫోన్ చేశారు. ఆయనది చిన్న ప్రింటింగ్ ప్రెస్. ముందురోజు రాత్రి డిజైన్ కంప్యూటర్‌లో చేసి పెట్టిన శుభలేఖను పొద్దున బిల్లింగ్ కంప్యూటర్‌లో తెరిచారు. పెళ్లివారు ముహూర్తం టైమ్ మార్చమన్నారు. మార్చి సేవ్ కొడితే ‘యాక్సెస్ డినైడ్’. ఫైల్ తెరుచుకుంటోంది, చదవడానికి వస్తోంది, సేవ్ మాత్రం కావడం లేదు. పెళ్లివారు కౌంటర్ దగ్గరే నిలబడి ఉన్నారు.

ఆ రెండూ విండోస్ కంప్యూటర్లు. ఫైళ్లన్నీ ఉండేది ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) వేసిన ఇంకో పాత కంప్యూటర్‌లో. వారం క్రితం ఇదే గొడవ వస్తే ఎవరో వచ్చి ఫోల్డర్ మొత్తానికి 777 పర్మిషన్ (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు అని) ఇచ్చి వెళ్లారట. ఆ రోజుకి పని నడిచింది. ఆ తర్వాత చేసిన కొత్త ఫైళ్లన్నీ మళ్లీ మొరాయించాయి.

ఇలాంటి సమస్యలో అందరం ముందు అడిగే ప్రశ్న ‘ఫోల్డర్ ఎందుకు తెరుచుకోవడం లేదు’ అని. నా అనుభవంలో అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: ‘నేను అవతలి కంప్యూటర్‌లోకి ఏ పేరుతో వెళ్లాను?’ ఆ పేరు తెలిస్తే, ఏ తలుపు దగ్గర ఆపారో కనుక్కోవడం తేలిక. అందుకే ఈ గైడ్‌ని ఆ వరసలోనే రాశాను. వరస తప్పకుండా వెళ్లండి. మధ్యలో 777 జోలికి పోవద్దు.

ఒక మాట. కమాండ్లను ఫోన్‌లో చెప్పేటప్పుడు ఎలా పలుకుతామో అలాగే తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను. కంప్యూటర్ సెట్టింగులు మార్చే లైనక్స్ కమాండ్ల ముందు, పీడీబీఎడిట్, ఎస్‌ఎంబీస్టేటస్‌ల ముందు కూడా సుడో (అడ్మిన్ హక్కుతో నడపమని చెప్పే మాట) ఉండాలి, దాన్ని ప్రతిసారీ రాయలేదు.

ముందు ఎర్రర్‌ని పూర్తిగా చదవండి

కంగారులో ఓకే నొక్కేసి ‘ఏదో ఎర్రర్ వచ్చింది’ అంటారు. ఆ నంబర్‌లోనే సగం జవాబు ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

విండోస్‌లో 0x80070035 గానీ, కమాండ్ ప్రాంప్ట్‌లో సిస్టమ్ ఎర్రర్ 53 గానీ వస్తే విండోస్ అసలు అవతలి కంప్యూటర్ దాకా వెళ్లలేదని అర్థం. అది పర్మిషన్ సమస్య కాదు. 86, 1326 వస్తే అవతలి కంప్యూటర్ దొరికింది, కానీ మీరిచ్చిన యూజర్ పేరో పాస్‌వర్డో నచ్చలేదు. 1219 వస్తే ఇంతకుముందే వేరే పేరుతో ఆ కంప్యూటర్‌కి కనెక్ట్ అయి ఉన్నారు. 5 వస్తే, అంటే ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ వస్తే, మిమ్మల్ని గుర్తుపట్టారు, అడిగిన పనికి మాత్రం ఒప్పుకోలేదు. మా బావగారికి వచ్చింది ఈ చివరి రకం.

మొదటి అడుగు: దారి ఉందా?

ఇది త్వరగా తేలిపోతుంది. లైనక్స్ కంప్యూటర్‌లో ‘ఐపీ ఏ’ అని కొడితే దాని అడ్రస్ కనిపిస్తుంది. అది 192.168.1.10 అనుకుందాం. విండోస్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైనుండే అడ్రస్ గడిలో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి ఆ నంబర్ రాసి ఎంటర్ నొక్కండి. నెట్‌వర్క్ లిస్టులో కంప్యూటర్ పేరు కనబడకపోయినా పర్వాలేదు. పేరు కనబడటం వేరు, ఫోల్డర్ తెరుచుకోవడం వేరు. నంబర్‌తో తెరుచుకుంటే ఈ అడుగు అయిపోయినట్టే.

తెరుచుకోకపోతే విండోస్ పవర్‌షెల్‌లో ‘టెస్ట్-నెట్‌కనెక్షన్’ కమాండ్‌కి ఆ అడ్రస్, ‘మైనస్ పోర్ట్ 445’ కలిపి ఇవ్వండి. ఫోల్డర్ షేరింగ్ నడిచేది 445 పోర్ట్ మీదే. జవాబు ఫాల్స్ అని వస్తే ఫైర్‌వాల్ చూడాలి. ఉబుంటులో ‘యూఎఫ్‌డబ్ల్యూ అలౌ సాంబా’, ఫెడోరా లాంటి వేరే లైనక్స్‌లలో ఫైర్‌వాల్-సీఎండీతో సాంబా సర్వీస్‌ని (ఫోల్డర్ షేరింగ్ నడిపే ప్రోగ్రామ్‌ని) అనుమతించాలి.

నిన్నటిదాకా పనిచేసి, కరెంటు పోయి వచ్చాక ఆగిపోతే రూటర్ కొత్త అడ్రస్ ఇచ్చి ఉంటుంది. రూటర్ సెట్టింగుల్లో ఆ లైనక్స్ కంప్యూటర్‌కి ఒకే అడ్రస్ రిజర్వ్ చేసి పెట్టండి. ఒక్కసారి చేస్తే చాలు.

రెండో అడుగు: ఏ పేరుతో వెళ్లారు?

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. నేను చూసిన ఇబ్బందుల్లో చాలావరకు ఇక్కడే దొరికాయి.

లైనక్స్‌లో విండోస్ భాష మాట్లాడే ప్రోగ్రామ్ పేరు సాంబా. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో చదువుకుంటున్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో దీని మొదటి రూపాన్ని విడుదల చేశారు. ఆ భాష పేరు ఎస్‌ఎంబీ. ఆ మూడు అక్షరాలూ వరసగా ఉన్న మాట కోసం డిక్షనరీ ఫైల్‌లో వెతికితే సాంబా దొరికింది, అదే పేరుగా నిలిచింది.

సాంబా గురించి ముందుగా తెలుసుకోవాల్సిన విషయం: దానికి సొంత పాస్‌వర్డ్ పుస్తకం ఉంటుంది. లైనక్స్‌లో లాగిన్ అయ్యే పాస్‌వర్డ్‌కీ దీనికీ సంబంధం లేదు. లైనక్స్‌లో ‘డిజైన్’ అనే యూజర్ ఉన్నంత మాత్రాన సాంబా ఆ పేరును రానివ్వదు. పుస్తకంలో ఎవరెవరు ఉన్నారో ‘పీడీబీఎడిట్ మైనస్ పెద్ద ఎల్’ అని కొడితే వస్తుంది. పేరు లేకపోతే ‘ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీ మైనస్ ఏ డిజైన్’ అని కొట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి. అంతకంటే ముందు ఆ యూజర్ లైనక్స్‌లో ఉండాలి. రెండు చోట్లా ఉంటేనే పని జరుగుతుంది.

విండోస్ వైపు ఇంకో తిరకాసు ఉంది. ఫోల్డర్ తెరవగానే అది మిమ్మల్ని ఏమీ అడగకుండా, మీరు విండోస్‌లో లాగిన్ అయిన పేరూ పాస్‌వర్డూ ముందుగా పంపిస్తుంది. ఆ పేరు సాంబా పుస్తకంలో లేదనుకోండి. ఉబుంటు, డెబియన్‌లలో సాంబా సెట్టింగుల ఫైల్‌తో పాటే ‘మ్యాప్ టు గెస్ట్ = బ్యాడ్ యూజర్’ అనే లైన్ వస్తుంది. తెలియని పేరుతో ఎవరైనా వస్తే వెనక్కి పంపకుండా గెస్ట్‌గా రానివ్వమని దాని అర్థం. పాస్‌వర్డ్ అడగలేదు కాబట్టి అంతా సవ్యంగా ఉందని మీరు అనుకుంటారు. నిజానికి మీరు లోపల ఉన్నది ‘నోబడీ’ అనే పేరుతో. ఆ పేరుకి ఫోల్డర్ మీద విడిగా ఏ హక్కూ ఉండదు. షేర్‌లో గెస్ట్‌లకు అనుమతి ఉంటే చూడటం వరకు కుదురుతుంది, లేకపోతే అదీ ఉండదు.

కాబట్టి విండోస్‌లో ఫోల్డర్ తెరిచి ఉంచి, లైనక్స్ టెర్మినల్‌లో ‘ఎస్‌ఎంబీస్టేటస్’ కొట్టండి. ఏ కంప్యూటర్ నుంచి ఎవరు ఏ పేరుతో వచ్చారో వరసగా చూపిస్తుంది. ఈ గైడ్‌లో ఒక్క కమాండే గుర్తుపెట్టుకోగలిగితే దీన్ని గుర్తుపెట్టుకోండి. అక్కడ ‘డిజైన్’ ఉండాల్సిన చోట ‘నోబడీ’ ఉంటే ఫోల్డర్ పర్మిషన్లు ఎంత మార్చినా లాభం లేదు, ముందు పేరు సరిచేయాలి.

పేరు మార్చాలంటే విండోస్‌లో పాత కనెక్షన్ తెంచాలి. ఒక సర్వర్‌కి ఒక విండోస్ యూజర్ ఒకే సమయంలో రెండు పేర్లతో వెళ్లడాన్ని విండోస్ ఒప్పుకోదు, 1219 ఎర్రర్ ఇదే. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్ యూజ్’ అని కొడితే ఇప్పుడున్న కనెక్షన్లు కనిపిస్తాయి. ‘నెట్ యూజ్’ పక్కన నక్షత్రం గుర్తు, ఆ పక్కన ‘స్లాష్ డిలీట్’ పెడితే అన్నీ తెగిపోతాయి. తెరిచిన ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద ఆ అడ్రస్‌కి సేవ్ అయి ఉన్న పాత పేరును తీసేయండి. ఇది మర్చిపోతే పాత పాస్‌వర్డే మళ్లీ మళ్లీ వెళ్తుంటుంది, మీరేమో కొత్తది తప్పనుకుని టెన్షన్ పడతారు. అక్కడే కొత్త పేరూ సాంబా పాస్‌వర్డూ చేర్చి పెట్టుకుంటే మళ్లీ అడగదు.

గెస్ట్ దారినే నమ్ముకుని ఇన్నాళ్లూ నడిపినవాళ్లకు ఈ మధ్య అది కూడా మూసుకుపోతోంది. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని గెస్ట్ కనెక్షన్‌ని విండోసే ఒప్పుకోవడం లేదు. ‘అప్‌డేట్ అయ్యాక ఫోల్డర్ పోయింది’ అనే మాట వెనక ఎక్కువసార్లు ఉండేది ఇదే. ఆ రక్షణను ఆపేసే చిట్కాలు చాలాచోట్ల కనిపిస్తాయి. వాటి బదులు ప్రతి మనిషికీ ఒక సాంబా యూజర్ చేయండి. ఐదు నిమిషాల పని.

మూడో అడుగు: తప్పు ఏ కంప్యూటర్‌లో?

లైనక్స్ కంప్యూటర్‌లో కూర్చుని, తన ఫోల్డర్‌ని తననే బయటివాడిలా అడగమనండి. ‘ఎస్‌ఎంబీక్లయింట్’ అని కొట్టి, రెండు స్లాష్‌లు, లోకల్‌హోస్ట్, స్లాష్, షేర్ పేరు, చివర ‘మైనస్ పెద్ద యూ డిజైన్’ ఇవ్వండి. పాస్‌వర్డ్ అడుగుతుంది. లోపలికి వెళ్లాక ‘పుట్’ కమాండ్‌తో ఏదైనా చిన్న ఫైల్ పంపి చూడండి.

ఇక్కడ ఫైల్ వెళ్లిపోతే లైనక్స్ వైపు అంతా బాగున్నట్టే. మళ్లీ రెండో అడుగుకు వెళ్లి విండోస్‌లో పేరు, పాస్‌వర్డ్ చూడండి. ఇక్కడ కూడా యాక్సెస్ డినైడ్ వస్తే విండోస్‌ని వదిలేయండి. సమస్య లైనక్స్‌లోనే ఉంది.

నాలుగో అడుగు: లైనక్స్‌లో రెండు తలుపులు

మొదటి తలుపు సాంబా సెట్టింగులు. ఈటీసీ ఫోల్డర్‌లోని సాంబా ఫోల్డర్‌లో ‘ఎస్‌ఎంబీ డాట్ కాన్ఫ్’ అనే ఫైల్ ఉంటుంది. రెండో తలుపు ఆ ఫోల్డర్‌కి లైనక్స్‌లో ఉన్న పర్మిషన్. రెండూ ఒప్పుకుంటేనే ఫైల్ సేవ్ అవుతుంది. సాంబా ‘రాయొచ్చు’ అన్నా లైనక్స్ ‘కుదరదు’ అంటే కుదరదు.

సెట్టింగులు చూడటానికి ‘టెస్ట్‌పార్మ్’ కొట్టండి. స్పెల్లింగ్ తప్పులుంటే చెబుతుంది, లేకపోతే అమల్లో ఉన్న సెట్టింగులు చూపిస్తుంది. షేర్ గురించి ఏమీ రాయకపోతే సాంబా దాన్ని చదవడానికి మాత్రమే ఇస్తుంది. రాయాలంటే ‘రీడ్ ఓన్లీ = నో’ ఉండి తీరాలి. ‘వ్యాలిడ్ యూజర్స్’ లైన్ ఉంటే అందులో మీ పేరో మీ గ్రూప్ పేరో ఉందా అని చూడండి.

ఇక రెండో తలుపు. అందరూ ఆ ఫోల్డర్ ఒక్కదాని పర్మిషన్ చూస్తారు. లైనక్స్ మాత్రం దారిలో ఉన్న ప్రతి ఫోల్డర్ దగ్గరా ఆపి అడుగుతుంది. ఇంటి గది తాళం మీ దగ్గర ఉన్నా వీధి గేటు మూసి ఉంటే గదిదాకా వెళ్లలేరు కదా. ఫోల్డర్ విషయంలో ‘ఎక్స్’ పర్మిషన్ అంటే దానిగుండా లోపలికి నడిచే హక్కు. అది పై ఫోల్డర్లన్నిటిలో ఉండాలి.

దీన్ని చూపించే మంచి కమాండ్ ఒకటుంది: ‘నేమ్‌ఐ మైనస్ ఎల్’. ఎన్, ఏ, ఎం, ఈ, ఐ అక్షరాలు కలిపి కొట్టి, మైనస్ ఎల్ పెట్టి, ఫోల్డర్ పూర్తి దారి ఇవ్వండి. పై నుంచి కింద దాకా ఒక్కో ఫోల్డర్ పర్మిషన్, ఓనర్, గ్రూప్ ఒక్కో లైన్‌లో వస్తాయి. ఎక్కడ దారి మూసుకుందో కంటికి కనిపిస్తుంది.

దారి ఎక్కువగా మూసుకునేది రెండు చోట్ల. ఒకటి హోమ్ ఫోల్డర్. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్ 750 పర్మిషన్‌తో వస్తోంది. అంటే ఓనర్‌కీ, ఆ గ్రూప్‌కీ తప్ప మూడోవాళ్లకు లోపలికి దారే లేదు. డాక్యుమెంట్స్‌లో ఉన్న ఫోల్డర్‌ని షేర్ చేసి దానికి 777 ఇచ్చినా పై గేటు మూసే ఉంటుంది. రెండోది పెన్‌డ్రైవ్‌లు, బయటి హార్డ్‌డిస్కులు. వాటిని పెట్టగానే ఉబుంటు డెస్క్‌టాప్ మీడియా ఫోల్డర్ కింద మీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో తెరుస్తుంది. ఆ ఫోల్డర్‌లోకి ఆ లాగిన్ అయిన మనిషికి తప్ప వేరే యూజర్లకు ప్రవేశం ఉండదు.

రెండిటికీ మందు ఒకటే. షేర్ చేసే ఫోల్డర్‌ని ఎవరి హోమ్‌లోనూ పెట్టకండి. /ఎస్‌ఆర్‌వీ/ అనే ఫోల్డర్ ఇలాంటి పనికే ఉంది, అందులో పెట్టండి. హార్డ్‌డిస్క్ అయితే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో (ఏ డిస్క్ ఏ ఫోల్డర్‌లో తెరుచుకోవాలో చెప్పే ఫైల్) రాసి అక్కడికే మౌంట్ అయ్యేలా, అంటే తెరుచుకునేలా చేయండి. ఆ డిస్క్ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంటే లైనక్స్‌లో సీహెచ్‌మోడ్ (పర్మిషన్ మార్చేది), సీహెచ్‌ఓన్ (ఓనర్‌ని మార్చేది) మామూలుగా పనిచేయవు. మౌంట్ చేసేటప్పుడే యూఐడీ (యూజర్ నంబర్), జీఐడీ (గ్రూప్ నంబర్), యూమాస్క్ (ఏ హక్కులు తీసేయాలో) చెప్పాలి. అదే డిస్క్‌ని విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉండగా షట్‌డౌన్ చేసి తెచ్చి పెడితే, లైనక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరవొచ్చు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి మళ్లీ ఒకసారి షట్‌డౌన్ చేస్తే సరిపోతుంది.

ఐదో అడుగు: శుభలేఖ ఎందుకు సేవ్ కాలేదు?

ఇప్పుడు మా బావగారి సంగతి. ఎస్‌ఎంబీస్టేటస్‌లో పేరు సరిగ్గానే ఉంది, ‘బిల్లింగ్’. షేర్‌లో రాయడానికి అనుమతి ఉంది. ‘ఎల్‌ఎస్ మైనస్ ఎల్’ కొట్టి ఆ ఫైల్ దగ్గర చూస్తే ఓనర్ ‘డిజైన్’. ఓనర్‌కి చదవడం, రాయడం రెండూ ఉన్నాయి. గ్రూప్‌కీ మిగతావాళ్లకీ చదవడం ఒక్కటే ఉంది.

సాంబాలో కొత్త ఫైల్ తయారైనప్పుడు ఎవరికి ఏ హక్కు వదలాలో ‘క్రియేట్ మాస్క్’ అనే సెట్టింగ్ చెబుతుంది. మనం ఏమీ రాయకపోతే దాని విలువ 0744. అందులో గ్రూప్‌కి వచ్చేది 4, అంటే చదవడం మాత్రమే. డిజైన్ కంప్యూటర్‌లో పుట్టిన ఫైల్ బిల్లింగ్ కంప్యూటర్‌లో తెరుచుకుని సేవ్ కాకపోవడానికి కారణం ఇదే. 777 ఇచ్చిన రోజు ఉన్న ఫైళ్లన్నీ బాగుపడ్డాయి. మర్నాడు పుట్టిన ఫైల్‌కి ఆ 777 గురించి ఏమీ తెలియదు, అది 0744 చూసుకునే పుట్టింది.

కొన్ని ప్రోగ్రాముల్లో ఈ తేడా కనబడకుండా పోతుంది. వర్డ్ ఫైల్ సేవ్ చేసేటప్పుడు కొత్త ఫైల్ ఒకటి తయారుచేసి, పాతదాని స్థానంలో పెడుతుంది. లైనక్స్‌లో ఫైల్‌ని తీసేసే హక్కు ఆ ఫైల్ పర్మిషన్‌ని బట్టి కాకుండా అది ఉన్న ఫోల్డర్ పర్మిషన్‌ని బట్టి వస్తుంది. అందుకని వర్డ్‌లో సేవ్ అయిపోయి, పక్కనే ఉన్న డిజైన్ ఫైల్ సేవ్ కాకపోవచ్చు. పరీక్ష చేసేటప్పుడు నోట్‌ప్యాడ్ వాడండి, అది ఉన్న ఫైల్‌లోనే రాస్తుంది.

సరైన పద్ధతి గ్రూప్. అందరినీ ఒక గ్రూప్‌లో చేర్చి, ఫోల్డర్‌ని ఆ గ్రూప్‌కి ఇచ్చి, కొత్తగా పుట్టే ప్రతి ఫైల్ ఆ గ్రూప్‌కే చెందేలా చేయాలి.

‘గ్రూప్‌యాడ్ ప్రెస్’ కొట్టి గ్రూప్ చేయండి. తర్వాత ‘యూజర్‌మోడ్ మైనస్ ఏ పెద్ద జీ ప్రెస్ డిజైన్’ కొట్టండి, బిల్లింగ్‌కీ అలాగే. ఆ ‘ఏ’ అక్షరం మాత్రం మర్చిపోకండి. అది లేకుండా కొడితే ఆ యూజర్ అంతకుముందు ఉన్న అదనపు గ్రూపులన్నిటి నుంచీ బయటికి వచ్చేస్తాడు. సుడో గ్రూప్ నుంచి కూడా. ఉన్న ఒక్క అడ్మిన్ యూజర్ మీద ఈ పొరపాటు జరిగితే ఆ కంప్యూటర్‌లో మీకే అధికారం పోతుంది.

ఇప్పుడు ఫోల్డర్. ‘సీహెచ్‌జీఆర్‌పీ మైనస్ పెద్ద ఆర్ ప్రెస్ /ఎస్‌ఆర్‌వీ/ప్రెస్’ అంటే లోపల ఉన్నవన్నీ ఆ గ్రూప్ పేరు మీదికి మారతాయి. తర్వాత ‘సీహెచ్‌మోడ్ మైనస్ పెద్ద ఆర్’ పక్కన ‘జీ ప్లస్ ఆర్ డబ్ల్యూ పెద్ద ఎక్స్’ పెట్టి అదే ఫోల్డర్ దారి ఇవ్వండి. ఇక్కడ ఎక్స్ పెద్దక్షరం కావడానికి కారణం ఉంది. పెద్ద ఎక్స్ ఫోల్డర్లకు నడిచే హక్కు ఇస్తుంది, మామూలు ఫైళ్లను ప్రోగ్రాములుగా మార్చదు. చిన్న ఎక్స్ పెడితే మీ శుభలేఖలూ బిల్లులూ అన్నీ ప్రోగ్రాములుగా గుర్తు పడతాయి.

చివరగా ‘సీహెచ్‌మోడ్ 2775 /ఎస్‌ఆర్‌వీ/ప్రెస్’. ముందున్న ఆ 2 చేసే పని పెద్దది. దానివల్ల ఆ ఫోల్డర్‌లో ఎవరు ఏం చేసినా అది వాళ్ల సొంత గ్రూప్‌కి పోకుండా ప్రెస్ గ్రూప్‌కే వస్తుంది. లోపల ఇప్పటికే ఉన్న సబ్‌ఫోల్డర్లకు కూడా ఒక్కొక్కదానికీ 2775 ఇవ్వండి. కొత్తగా చేసేవాటికి అదే వస్తుంది.

తర్వాత ఎస్‌ఎంబీ డాట్ కాన్ఫ్ ఫైల్‌కి ఒక కాపీ తీసి పెట్టుకుని, షేర్‌ని ఇలా రాయండి:

[ప్రెస్]
పాత్ = /ఎస్‌ఆర్‌వీ/ప్రెస్
రీడ్ ఓన్లీ = నో
వ్యాలిడ్ యూజర్స్ = @ప్రెస్
ఫోర్స్ గ్రూప్ = ప్రెస్
క్రియేట్ మాస్క్ = 0664
డైరెక్టరీ మాస్క్ = 2775

టెస్ట్‌పార్మ్ కొట్టి తప్పుల్లేవని చూసి, సర్వీస్‌ని రీస్టార్ట్ చేయండి. ఉబుంటు, డెబియన్‌లలో ఆ సర్వీస్ పేరు ఎస్‌ఎంబీడీ, ఫెడోరాలో ఎస్‌ఎంబీ. గ్రూప్‌లో కొత్తగా చేర్చిన యూజర్ పాత కనెక్షన్‌తోనే ఉంటే కొత్త గ్రూప్ వర్తించదు. విండోస్‌లో లాగాఫ్ చేసి మళ్లీ రండి.

ఎవరైనా లైనక్స్ కంప్యూటర్ ముందే కూర్చుని డెస్క్‌టాప్ నుంచి ఫైల్‌ని ఈ ఫోల్డర్‌లోకి కట్ చేసి పేస్ట్ చేస్తే, అది పాత ఓనర్, పాత గ్రూప్, పాత పర్మిషన్లతోనే వస్తుంది. దాని మీద సాంబా సెట్టింగులు పనిచేయవు, ఎందుకంటే ఆ ఫైల్ సాంబా దారిలో రాలేదు. కాపీ చేస్తే గ్రూప్ సరిగ్గా వస్తుంది కానీ రాసే హక్కు రాకపోవచ్చు. ఇలాంటి పని రోజూ జరిగే చోట ‘సెట్‌ఎఫ్‌ఏసీఎల్’ కమాండ్‌తో ఆ ఫోల్డర్‌కి డిఫాల్ట్ ఏసీఎల్ (ముందే రాసిపెట్టే హక్కుల జాబితా) పెట్టండి. కొత్తగా తయారయ్యే ఫైళ్లకు గ్రూప్ హక్కు దాన్నించే వస్తుంది.

ఆరో అడుగు: ఫెడోరా, రాకీ, రెడ్ హ్యాట్ వాడేవాళ్లకు

అన్నీ సరిగ్గా ఉండి కూడా యాక్సెస్ డినైడ్ వస్తుంటే ఎస్‌ఈలైనక్స్‌ని చూడాలి. ఇది మామూలు పర్మిషన్ల మీద ఇంకో కాపలా. సాంబా ఏ లేబుల్ ఉన్న ఫోల్డర్లను ముట్టుకోవచ్చో ఇది నిర్ణయిస్తుంది. ‘ఎల్‌ఎస్’ పక్కన మైనస్, చిన్న ఎల్‌డీ, పెద్ద జెడ్ పెట్టి కొడితే ఫోల్డర్ లేబుల్ కనిపిస్తుంది. అందులో సాంబా, షేర్, టీ అనే మాటలు అండర్‌స్కోర్లతో కలిపి ఉండాలి. లేకపోతే ‘ఎస్‌ఈమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్’తో ఆ లేబుల్‌ని రాసిపెట్టి, ‘రీస్టోర్‌కాన్ మైనస్ పెద్ద ఆర్’తో అమలుచేయండి. ఎస్‌ఈలైనక్స్‌ని మొత్తానికే ఆపేయమనే సలహా చాలామంది ఇస్తారు, వినకండి. ఒక ఫోల్డర్ లేబుల్ కోసం కంప్యూటర్ మొత్తానికి కాపలా తీసేయనక్కర్లేదు.

తిరగేసి: ఫోల్డర్ విండోస్‌లో ఉండి లైనక్స్ నుంచి తెరవాలంటే

ఇక్కడ కూడా రెండు తలుపులే. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే షేరింగ్ ట్యాబ్, సెక్యూరిటీ ట్యాబ్ రెండూ ఉంటాయి. రెండు చోట్లా మీ యూజర్‌కి అనుమతి ఉండాలి. ఎక్కడ తక్కువ ఇస్తే అదే చెల్లుతుంది. షేరింగ్‌లో ‘ఎవ్రీవన్’కి ఫుల్ కంట్రోల్ ఇచ్చి, సెక్యూరిటీ ట్యాబ్ చూడకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ.

పేరు సమస్య ఇక్కడ ఇంకో రూపంలో వస్తుంది. విండోస్‌లో మనం రోజూ కొట్టేది నాలుగంకెల పిన్. ఆ పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే, నెట్‌వర్క్‌లో పనిచేయదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అయితే ఆ అకౌంట్ అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి. పాస్‌వర్డే లేని లోకల్ అకౌంట్‌ని విండోస్ నెట్‌వర్క్ నుంచి రానివ్వదు. తేలికైన మార్గం, షేరింగ్ కోసమే ఒక లోకల్ అకౌంట్ చేయడం. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్ యూజర్’ పక్కన పేరు, పాస్‌వర్డ్, ‘స్లాష్ యాడ్’ పెడితే తయారవుతుంది. ఆ పేరును పైన చెప్పిన రెండు ట్యాబ్‌లలోనూ చేర్చండి.

లైనక్స్‌లో సీఐఎఫ్‌ఎస్-యుటిల్స్ ప్యాకేజీ వేసుకుని మౌంట్ చేస్తాం. ‘మౌంట్ ఎర్రర్ 13’ వస్తే పేరు, పాస్‌వర్డ్, ఆ రెండు ట్యాబ్‌లు చూడండి. ‘మౌంట్ ఎర్రర్ 112, హోస్ట్ ఈజ్ డౌన్’ అంటే అవతలి కంప్యూటర్ ఆగిపోయిందనే అనుకోవద్దు. రెండు కంప్యూటర్లకూ ఎస్‌ఎంబీ వెర్షన్ కుదరనప్పుడు కూడా ఇదే వస్తుంది. పాత స్టోరేజ్ పెట్టెల్లో, పాత స్కానర్లలో ఇది ఎక్కువ, అవి ఎస్‌ఎంబీ 1 మాత్రమే మాట్లాడతాయి. దానికోసం కంప్యూటర్లలో ఎస్‌ఎంబీ 1 తిరిగి ఆన్ చేయకండి. 2017 మే నెలలో ప్రపంచమంతా పాకిన వానాక్రై విండోస్ ఎస్‌ఎంబీ 1లో ఉన్న లోపం గుండానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి దూకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. పాత స్కానర్‌లో పెన్‌డ్రైవ్‌లోకి స్కాన్ చేసుకోవడం కొంచెం తిప్పటే, అయినా అదే నయం.

మౌంట్ అయింది, చదవడం వస్తోంది, రాయడం మాత్రం రూట్‌కే (లైనక్స్ అడ్మిన్‌కే) కుదురుతోంది అంటే మౌంట్ ఆప్షన్లలో యూఐడీ ఇవ్వలేదు. అది ఇవ్వకపోతే ఫైళ్లన్నీ రూట్ సొంతంగా కనిపిస్తాయి. సీహెచ్‌ఓన్, సీహెచ్‌మోడ్ కొట్టి లాభం లేదు, ఆ ఫైళ్లు ఉన్నది విండోస్‌లో. ‘ఐడీ’ కమాండ్‌తో మీ నంబర్ చూసుకుని, యూఐడీ, జీఐడీ, ఫైల్ మోడ్ 0664, డైరెక్టరీ మోడ్ 0775 అని మౌంట్ ఆప్షన్లలోనే ఇవ్వండి. పాస్‌వర్డ్‌ని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో నేరుగా రాయకండి, ఆ ఫైల్‌ని ఆ కంప్యూటర్‌లో ఎవరైనా చదవగలరు. విడిగా క్రెడెన్షియల్స్ ఫైల్ చేసి 600 పర్మిషన్ పెట్టండి. ‘నోఫెయిల్’ ఆప్షన్ కూడా చేర్చండి. కరెంటు పోయి వచ్చినప్పుడు విండోస్ కంటే ముందు లైనక్స్ లేస్తే బూట్ మధ్యలో ఆగిపోకుండా ఉంటుంది.

పర్మిషన్ సమస్యలా కనిపించే ఇంకొకటి

లైనక్స్‌లో ‘ముహూర్తం 10:30’ అని ఫైల్‌కి పేరు పెట్టొచ్చు. విండోస్‌లో ఫైల్ పేరులో కోలన్ కుదరదు. ప్రశ్నార్థకం, డబుల్ కొటేషన్ మార్కులు, నక్షత్రం, నిలువు గీత కూడా అంతే. అలాంటి ఫైల్‌ని సాంబా ఏదో పొట్టి, అర్థంకాని పేరుతో విండోస్‌కి చూపిస్తుంది. ‘మా ఫైల్ పోయింది, పర్మిషన్ తీసేశారు’ అంటారు. పేరులో 10.30 అని చుక్క పెడితే చాలు. ఫైల్ పేరు తెలుగు లిపిలో ఉంటే మాత్రం ఇబ్బందేమీ లేదు, రెండు వైపులా చక్కగా కనిపిస్తుంది.

అన్నీ అయ్యాక ఇలా పరీక్షించండి. డిజైన్ కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్‌తో షేర్‌లో కొత్త ఫైల్ చేయండి. బిల్లింగ్ కంప్యూటర్‌లో తెరిచి ఒక లైన్ చేర్చి సేవ్ చేయండి. మళ్లీ డిజైన్‌లో తెరిచి ఇంకో లైన్ చేర్చండి. కొత్త సబ్‌ఫోల్డర్ చేసి దాని లోపల కూడా ఇదే చేయండి, ఎందుకంటే పై ఫోల్డర్‌లో కుదిరి లోపలి ఫోల్డర్‌లో ఆగిపోవడం తరచూ జరుగుతుంది. తర్వాత లైనక్స్‌లో ఎల్‌ఎస్ మైనస్ ఎల్ కొట్టి చూస్తే ఆ రెండు ఫైళ్లకీ గ్రూప్ ‘ప్రెస్’ అని, గ్రూప్ హక్కుల్లో ఆర్, డబ్ల్యూ రెండూ ఉండాలి.

మా బావగారి ప్రెస్‌లో ఈ పరీక్ష అయ్యేసరికి పావుగంట పట్టింది. పెళ్లివారికి ఈలోపు టీ తెప్పించారు. కొత్త టైమ్‌తో ప్రూఫ్ బిల్లింగ్ కంప్యూటర్ నుంచే తీసి చేతికిచ్చారు.